నూటికి ఎన్ని పాళ్లు?

కూడిక యనునది గణితములో మనము మొట్టమొదట నేర్చుకొను విద్య. పలక పట్టిన పిల్లవాడు రెండును మూడును ఐదని చెప్పగలిగిననాడు ఇంటిల్లిపాదియు సంతసింతురు. పిమ్మట వాడెంతవాడైనను, ఎచ్చటికి పోయినను, సంతలోగాని కళ్లములోగాని బ్యాంకులోగాని రెండును మూడును ఐదే యని నమ్మి బ్రతుకును. ఆ నమ్మకము లేనిచో లోకవ్యవహారము ఒక్కదినమైనను సాగదు. అయినను 30, 20 కలిసి 50 కాని స్థలములు కొన్ని ఈ లోకమున కలవు. ఒకచోట అవి 44 అగును. వేఱొకచోట 43కు పైని మూడవవంతు అగును. ఇంకొకచోట 50 ఏ అగును గాని, ఆ 50 మఱునిమిషమున 75గా మాఱును. ఇది గారడి కాదు. దేశసేవలో దేహమును చెడగొట్టుకొని, మిగిలిన దేహముతో ఇల్లు చేరిన సిపాయి యొక్క నష్టమును కొలుచుటకు ప్రభుత్వములు కల్పించుకొనిన గణితము.

సాహిత్యపత్రికలో ఇట్టి శుష్కవిషయ మేల యని చదువరులు శంకింపవచ్చును. మా ప్రాంతమున ఇది శుష్కవిషయము కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో వేకువజామున ఏ దారిని పోయినను, చెప్పులు లేని కాళ్లతో పరుగెత్తు యువకులు గుంపులు గుంపులుగా కానవత్తురు. వారందఱును సైన్యమున చేరుటకు దేహమును సిద్ధము చేసికొనుచున్నవారే. వంశధార, నాగావళుల నడుమ పొలము కొంచెముగాను, వానలు అనిశ్చితముగాను, వలసలు విస్తారముగాను ఉన్న నేలలో సిపాయి కొలువు నెలజీతము గల గౌరవమైన బ్రతుకు. విజయనగరమున కంటోన్మెంటు అను పేట పేరు కుంఫిణీకాలపు దండు విడుదుల జ్ఞాపకముగా నిలిచియున్నది. 1780లో విశాఖపట్టణమున ఓడ నెక్కుటకు సమ్మతింపక సిపాయిలు తిరుగబడిన వృత్తాంతము చరిత్రకారులు వ్రాసియున్నారు. 1962లో కోరుకొండయందు సైనికపాఠశాల వెలసినది. ఇట్లు తరతరములుగా సైన్యముతో ముడిపడిన ఈ గడ్డమీద, పోవుచున్నవారిని గూర్చి పాటలు కట్టిన మనము, తిరిగివచ్చినవారి కాగితములను గూర్చి ఒక వ్యాసమైన వ్రాసికొనకపోవుట న్యాయము కాదు.

నేను వసించు వీధిలో ఒక విశ్రాంత హవల్దారు కలడు. ఇరువదినాలుగేండ్లు ఫిరంగిదళమున పనిచేసి 2016లో ఇల్లు చేరెను. ఫిరంగుల మ్రోతవలన రెండు చెవులును మందగించినవి. సిక్కిము సరిహద్దున మంచుదారిని గుండ్లపెట్టె మోయుచు జారిపడుటచే కుడిమోకాలు చెడినది. విడుదలకాలమున ఒక మెడికల్ బోర్డు ఆయనను పరీక్షించి, మోకాలికి నూటికి 30 పాళ్లును, చెవులకు నూటికి 20 పాళ్లును వైకల్యమున్నదని వ్రాసి, రెండును కలిపి 40 అని తేల్చినది. ఆ కాగితము ఇనుపపెట్టెలో ఐదేండ్లు నిద్రించెను. దానిని బయటికి తీసినది ఆయన కాదు, ఆయన భార్య. ఏడవతరగతివఱకు చదివిన ఆ యిల్లాలు ఒకనాటి సాయంకాలమున దానిని నా బల్లపై పరచి, వ్రేలితో అంకెలను చూపుచు, "ఇక్కడ ముప్పై ఉంది, ఇక్కడ ఇరవై ఉంది. కింద నలబై అనీసి రాసినారు. మిగిలిన పదీ ఏటైపోనాది మేస్టారూ? ఎవలు తీసేసుకున్నారు?" అని యడిగెను.

ప్రశ్న చిన్నది. దానికి ప్రత్యుత్తరము చెప్పుటకు నేను పెక్కుదినములు చదువవలసివచ్చెను. చదివినదానిని ఆమెకు చెప్పితిని. అదియే ఇచట చెప్పుచున్నాను.

మన దేశమున సైనికుని వైకల్యపు పింఛనులో రెండు భాగములు కలవు. మొదటిది ఆతడు చేసిన సేవకు సంబంధించినది. రెండవది ఆతనికి కలిగిన వైకల్యమునకు సంబంధించినది. ఈ రెండవభాగమునకు పూర్ణవైకల్యమున్నచో, అనగా నూటికి 100 పాళ్లును పోయినచో, కడపటి జీతములో నూటికి 30 వంతులు ఇత్తురు. వైకల్యము తగ్గినకొలది ఆ మొత్తమును తగ్గును. లెక్కకు సులువుగానుండుటకై కడపటి జీతము 40,000 రూపాయలనుకొందము. పూర్ణవైకల్యమునకు నెలకు 12,000 రూపాయలు వచ్చును. సగము వైకల్యమునకు 6,000 వచ్చును. దానిపై కరువుభత్యము వేఱు. యుద్ధరంగమున కలిగిన గాయములకు ఇంతకంటె హెచ్చు మొత్తమును వేఱు నియమములును కలవు. మన హవల్దారు సంగతి అది కాదు గనుక దాని నిచట విడిచెదను.

ఇంతవఱకు సరళముగానే యున్నది. ఇకమీద మెట్లు వచ్చును. వైకల్యమును ఒక్కొక్క పాలుగా కొలుచుట వైద్యునికైనను సాధ్యము కాదు. 37కును 38కిని భేదమేమో ఏ మోకాలును చెప్పలేదు. అందుచేత 1996 జనవరి 1వ తేదినుండి వర్తించునట్లుగా ప్రభుత్వము మూడు మెట్లను ఏర్పఱచి, 2001లో ఉత్తరువు వెలువరించెను. వైకల్యము 50కి లోపలనున్నచో దానిని 50గా ఎంచవలెను. 50 మొదలు 75 వఱకు నున్నచో 75గా ఎంచవలెను. 76 మొదలు పైనున్నచో 100గా ఎంచవలెను. మొదట ఈ మేలు వైకల్యము కారణముగా మధ్యలో సైన్యమునుండి పంపివేయబడినవారికి మాత్రమే దక్కెను. కొలువుకాలము ముగించి వచ్చినవారికి దీనిని నిరాకరించుట చెల్లదని రామ్ అవతార్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2014 డిసెంబరు 10వ తేదిని తీర్పు చెప్పినది. కాలము ముగించి వచ్చినవారికి ఈ భాగము దొరకవలెనన్నచో వైకల్యము కనీసము 20 ఉండవలెను.

ఈ మెట్లను ఒక్కమాఱు నిదానించి చూడుడు. 19 అని వ్రాసిన కాగితమునకు ఏమియు రాదు. 20 అని వ్రాసిన కాగితము 50వ మెట్టునకు ఎక్కును. మన లెక్కప్రకారము సున్నకును 6,000 రూపాయలకును నడుమ ఒక్క పాలు మాత్రమే యున్నది. అట్లే 49 అన్నచో 6,000, 50 అన్నచో 9,000. మెట్లు పెట్టుటలోని ఉద్దేశము దయయే. వైద్యుని కలములోని చిన్న తడబాటు సిపాయికి నష్టము కాకూడదని వానిని పెట్టిరి. కాని మెట్టు అంచున నిలిచినవానికి మాత్రము ఒక్క పాలు కొండంత యగుచున్నది.

ఇప్పుడు ఆ యిల్లాలి ప్రశ్న యొక్క బలము తెలియును. 40 అన్నచో ఆమె భర్త 50వ మెట్టుమీద నుండును. 50 అన్నచో 75వ మెట్టు నెక్కును. ఆమె అడిగిన ఆ 10 పాళ్లు కాగితముమీద పది, ఇంటిలో నెలకు 3,000 రూపాయలు, ఏడాదికి 36,000.

ఆ 10 ఎట్లు పోయినది? సైనికవైద్యుల మార్గదర్శకగ్రంథమున దీనికి నియమమున్నది. ఒకనికి రెండు మూడు వైకల్యములున్నప్పుడు వానిని కలిపి ఒక సమష్టిసంఖ్యను నిర్ణయింపవలెను. అవి దేహము చేయు వేఱువేఱు పనులకు సంబంధించినవైనచో వాని సంఖ్యలను ఉన్నవి యున్నట్లుగా కూడవలెను. ఒకదాని ఫలము మఱియొకదానిపై కొంత పడుచున్నచో, ఎంత పడినదో అంతమేరకు తగ్గింపవలెను. మోకాలును నడుమును చెడినవని యనుకొనుడు. రెండింటివలనను చెడునది నడకయే. ఒకే నడకను రెండుసారులు లెక్కించుట సరికాదు గనుక అచట తగ్గింపు న్యాయము. మోకాలును చెవియు చెడినచోట ఏది దేనిపై పడినది? చెవితో నడచువాడు లేడు, మోకాలితో వినువాడు లేడు. ఆ గ్రంథమే ఇంకొక మాట కూడ చెప్పుచున్నది. వేఱువేఱు పనులకు సంబంధించిన వైకల్యములయందును కొన్ని బోర్డులు తగ్గించు అలవాటు కలిగియున్నవనియు, అది సరికాదనియు అందు స్పష్టముగా వ్రాసియున్నది. ఆ వాక్యమును నేను ఆమెకు మూడుసారులు చదివి వినిపించితిని. మూడవమాఱు ఆమె దానిని తన నోటుపుస్తకమున వ్రాసికొనెను.

బోర్డువారు ఏ కారణముచే తగ్గించిరో ఆ కాగితమున లేదు. కారణము వ్రాసియున్నచో దానిని మన్నించుటయో ఖండించుటయో మన చేతిలోనుండెడిది. ఎదుట లేని కారణముతో ఎవడు వాదింపగలడు? ఆమె తన చేతివ్రాతతోనే అర్జీ వ్రాసెను. భాషను నేను కొంచెము సవరించితిని. ఇట్టి అర్జీలకు మొదటి అప్పీలు, రెండవ అప్పీలు అను రెండు సోపానములు కలవు. అచట పని కాకపోయినచో, 2007 నాటి చట్టముచే ఏర్పడి 2009లో పని ప్రారంభించిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ అను సైనికన్యాయస్థానము కలదు. ఆలస్యమునకు మాత్రము మూల్యమున్నది. 2008లో తర్సేమ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఇట్టి పింఛను హక్కు కాలముచే నశింపదు గాని వెనుకటి బకాయిలను వ్యాజ్యమునకు ముందటి మూడేండ్లకే పరిమితము చేయవలెనని చెప్పినది. పెట్టెలో కాగితము నిద్రించిన ప్రతి యేడును ఇంటికి నష్టమే. ఆమె అర్జీకి ప్రత్యుత్తరము ఇంకను రావలసియున్నది.

ఇతరదేశములు ఈ కూడిక నెట్లు చేయుచున్నవో చూచుట వ్యర్థము కాదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి బిడ్డలలో కొందఱు ఆ దేశపు సైన్యమున చేరుచున్నారు గనుక ఇది మనకు మఱీ దూరపు సంగతియు కాదు. అచట సంఖ్యలను కూడరు. మనుష్యుని సామర్థ్యమును మొదట 100 అని తలంతురు. పెద్ద వైకల్యము 30 అయినచో మిగిలినది 70. రెండవ వైకల్యమైన 20ని నూటినుండి కాక, ఆ మిగిలిన 70 నుండి లెక్కింతురు. 70లో నూటికి 20 పాళ్లనగా 14. కావున రెండును కలిసి 44. పిమ్మట దానిని దగ్గఱి పదికి సవరించి 40 అందురు. 45 వచ్చియున్నచో 50 అనెడివారు. ఈ పద్ధతిలో పదేసి పాళ్ల వైకల్యములు పదియున్నను నూఱు కావు. వారి పట్టికప్రకారము అవి 65 అగును, దానిని సవరించి 70 అందురు. ఎన్ని వ్యాధులు కలిసినను, పూర్ణసంఖ్య ఏ ఒక్కదానికైన లేనిచో, ఈ మార్గమున నూటిని చేరుట మిక్కిలి కష్టము. అచటి సిపాయిలకును ఇది వింతగానే తోచునట.

సంస్కృతము చదువుకొనినవారికి ఇది క్రొత్త గాదు. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు లీలావతియందు ఒక యాత్రికుని కథ చెప్పినాడు. ఆ యాత్రికుడు తన ధనములో సగము ప్రయాగలో ఇచ్చెను. శేషములో తొమ్మిదింట రెండు వంతులు కాశిలో ఇచ్చెను. అందు శేషించినదానిలో నాలుగవవంతు దారిసుంకములకు పోయెను. ఆ శేషములో పదింట ఆఱు వంతులు గయలో ఇచ్చెను. తుదకు 63 నిష్కములు మిగిలినవి. మొదట ఎంత యుండెను? 540 అని ప్రత్యుత్తరము. దీనిని శేషజాతి లెక్క యందురు. ఆ నాలుగు భిన్నములను ఊరక కూడినచో ఒకటిన్నరకు మించును. అనగా ఆ యాత్రికుడు తనకున్నదానికంటె హెచ్చు దానము చేసినాడని తేలును. ఎవనికిని ఉన్నదానికంటె హెచ్చు పోదు. అందుకే శేషమునుండి లెక్కించవలెను. అమెరికావారి పట్టిక యంతయు ఈ శేషజాతియే. మఱియొక విచిత్రము కూడ కలదు. ఆ యాత్రికుడు సగము ధనమును విడిచిన ప్రయాగయందే నేడు మన సిపాయిల పింఛను ఉత్తరువులు పుట్టుచున్నవి.

మన దేశముననే సిపాయి కానివాని వైకల్యమును కొలుచుటకు మూడవ మార్గమొకటి కలదు. ఆసుపత్రిలో వికలాంగులకు ఇచ్చు ధ్రువపత్రమున రెండు వైకల్యములను కలుపునప్పుడు, చిన్నసంఖ్యను పెద్దసంఖ్యతో ఊరక కూడక, 90 నుండి పెద్దసంఖ్యను తీసివేసి, ఆ శేషముచే చిన్నసంఖ్యను గుణించి, 90చే భాగించి, వచ్చినదానిని పెద్దసంఖ్యకు కలుపుదురు. 30కి 20 కలుపవలెనన్నచో, 90లో 30 పోగా 60. ఇరువదిని 60చే గుణించి 90చే భాగించినచో 13కు పైని మూడవవంతు. మొత్తము 43కు పైని మూడవవంతు. 2016 నాటి చట్టముప్రకారము పెక్కు సదుపాయములకు 40 హద్దు గనుక, ఈ లెక్కలో ఇతడు హద్దు దాటినవాడే. ఒకే మనుష్యుడు, అవే చెవులు, అదే మోకాలు. సైన్యపు గ్రంథము చెప్పినట్లు 50, అమెరికాలో 40, జిల్లా ఆసుపత్రిలో 43. ఈ మూడింటిలో ఏది సత్యము?

నా మట్టుకు, లెక్కగా చూచినచో శేషజాతి యుక్తియుక్తమైనది. 60యు 50యు కూడి 110 అని చెప్పుట నవ్వులాటయే. ఏ మనుష్యుడును తనకంటె హెచ్చుగా నశింపడు. అయినను బ్రతుకుగా చూచినచో ఆ లెక్కలో లోపమొకటి కానవచ్చుచున్నది. మొదటి వైకల్యము దోచుకొనగా మిగిలినదానిని మాత్రమే రెండవ వైకల్యము దోచుకొనునని ఆ లెక్క తలంచుచున్నది. నిజమునకు అవయవములు ఇరుగుపొరుగువారివలె ఒండొంటికి సాయపడునవి. కుంటువాడు వెనుకనుండి వచ్చు బస్సు మ్రోతను ముందుగా విని, తన మందగమనమునకు తగినట్లు ముందుగానే ప్రక్కకు తొలగును. చెవిటివాడు మ్రోత వినకపోయినను, బండి కంటబడిన క్షణమున చటుక్కున దుముకును. చెవియు మోకాలును రెండును చెడినవాడు ముందుగా వినలేడు, తరువాత దుముకలేడు. ఇచట రెండవ నష్టము మొదటిదానిలో అణగిపోలేదు, దానిని రెట్టించినది. సాంఖ్యులు పంగ్వంధన్యాయమను నొక దృష్టాంతము చెప్పుదురు. కుంటివాడు గ్రుడ్డివాని భుజమెక్కి దారి చూపగా ఇద్దఱును అడవి దాటిరి. కాని ఆ రెండు లోపములును ఒకే దేహమున చేరినచో ఎవని భుజము నెవడెక్కును?

ఎక్కుటకు ఒక భుజమున్నది. అది భార్య భుజము. మా హవల్దారు సంతకు పోవునప్పుడు ఆ యిల్లాలు ఎల్లప్పుడును బండ్లు పోవు వైపుననే నడచును. దారి మలుపు తిరిగినచో తానును ప్రక్క మార్చుకొనును. ఆయన దీనిని గుర్తింపలేదు. వీధిలోనివారును గుర్తింపలేదు. ఫోను మ్రోగినచో ఆమె ఎత్తును. గ్యాసుబండివాడు పిలిచినచో ఆమె పలుకును. రాత్రి తలుపు తట్టినచో ఆమె లేచును. ఈ పనులకు నూటికి ఎన్ని పాళ్లో ఏ పట్టికయందును లేదు. వైకల్యము సిపాయి దేహమున కొలువబడుచున్నది. దానిని మోయుచున్నది కుటుంబమంతయు. మోయుటలోని పెద్దపాలు ఆడువారిది. సిపాయి త్యాగమును సభలలో కొనియాడు మనము, ఆ యిల్లాలి చేతికి కాగితము నిచ్చి, అమ్మా, ఇది చదువుము, ఇది నీ హక్కు అని చెప్పుటకు మాత్రము జంకుచున్నాము.

సంఖ్య యొక్కటియే చాలదు. ఆ వైకల్యము కొలువువలన కలిగినదై యుండవలెను, లేదా కొలువువలన హెచ్చినదై యుండవలెను. ఇచటనే పెక్కు అర్జీలు తిరిగివచ్చును. మా శ్రీకాకుళపుసీమ కంతటికిని గర్వకారణమైన గిడుగు వెంకటరామమూర్తిగారి జీవితము ఈ ప్రశ్నను చక్కగా బోధించును. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవరలకు చదువు చెప్పవలెనను తలంపుతో వారి భాషను నేర్చి, కొండలలో తిరుగుచు మలేరియాకు లోనై, క్వినైను సేవించి సేవించి వినికిడి పోగొట్టుకొనిరి. ఆయన చెముడు కొలువువలన కలిగినదా? సవరభాష నేర్వుమని ఆయనను ఎవరును ఆజ్ఞాపింపలేదు. కాని ఆ పని లేకున్నచో ఆ కొండలు లేవు, ఆ జ్వరము లేదు, ఆ మందు లేదు. కారణమును వెదకువాడు ఎంతదూరము వెనుకకు పోవలెనో నిర్ణయించుట కష్టము. సైనికుల విషయమున నియమములు ఈ కష్టమును సిపాయి నెత్తిన వేయలేదు. చేరునప్పుడు పరీక్షించి లోపము లేదని వ్రాసికొనినవానికి తరువాత వ్యాధి కలిగినచో, అది కొలువుకు సంబంధించినది కాదని చూపు భారము సామాన్యముగా ప్రభుత్వముదే యని 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. సందేహమున్నచో దాని ఫలము సిపాయికి చెందవలెనన్నది పాతనియమముల సారము. 2023 సెప్టెంబరునుండి విడుదలయగువారికి క్రొత్తనియమములు వచ్చినవి, పేర్లును మాఱినవి. కావున ఎవరికి ఏ నియమము వర్తించునో విడుదలతేదిని చూచి తెలిసికొనవలెను.

ఇన్ని నియమములున్నను, కాగితముమీదికి ఎక్కని వైకల్యమునకు ఏ నియమమును తోడురాదు. ఇది నేను మా యింటనే చూచితిని. మా అప్ప భర్త, అనగా మా బావ, పదునేడేండ్లు పదాతిదళమున ఉండి వచ్చెను. విడుదలకు ముందే ఆయనకు ఒక చెవి బొత్తిగా వినబడదు. ఆ సంగతి బోర్డువారికి చెప్పలేదు. వారు అడిగినదానికెల్ల పెదవుల కదలికను చూచి ప్రత్యుత్తరమిచ్చెనట. కారణములు రెండు. లోపమున్నదని కాగితము పుట్టినచో బ్యాంకులో కాపలా ఉద్యోగము దొరకదని మొదటి భయము. తండ్రి చెవిటివాడన్నచో కూతునకు సంబంధము కుదురదని రెండవ భయము. ఉద్యోగము దొరకినది. పిల్లకు పెండ్లియు అయినది. నాలుగేండ్లకు రెండవ చెవియు మందగింపగా, రాత్రికాపలాలో పిలుపు వినబడక ఆ ఉద్యోగము పోయినది. ఇప్పుడు అర్జీ పెట్టవలెనన్నచో, విడుదలనాడు నీవు సంపూర్ణారోగ్యవంతుడవని నీ సంతకముతోనే యున్నదని ఆ కాగితమే ఎదురువాదము చేయుచున్నది.

మా అప్ప ఒకనాడు నాతో, "మెల్లగా సెప్తే ఆయనకి ఇనపడదు, గట్టిగా సెప్తే ఈదంతా ఇంటాది. మొగుడూ పెళ్లాం మాటాడుకోడానికి లేకుండా పోనాది తమ్ముడూ" అనెను. ఈ నష్టమును ఏ వైద్యుడు ఏ యంత్రముతో కొలుచును?

మా బావను తప్పుపట్టుటకు నాకు మనసు రాదు. ఆయనను దాచునట్లు చేసినది మన సంఘము. అవయవలోపము కర్మఫలమని చెప్పు పెద్దలును, చెవిటివాని కూతును కోడలుగా తెచ్చుకొనిన వంశమున చెవిటితనము వచ్చునని భయపడు వియ్యంకులును, వైకల్యపు పింఛను తినువాడు సోమరి యని చాటున నవ్వు ఇరుగుపొరుగువారును కలిసి ఆయన నోరు నొక్కిరి. ఫిరంగిమ్రోతచే పోయిన చెవి బిడ్డలకు సంక్రమింపదను చిన్న సత్యమును ఎవరైన వారికి చెప్పియున్నచో, ఒక కుటుంబము ఇంతగా నలిగెడిది కాదు. సంస్కరణమనగా వితంతువివాహము, విద్య, కులభేదనిర్మూలనము అని మాత్రమే తలంచువారు కొందఱు కలరు. లోపమును దాచనక్కఱలేని సంఘమును నిర్మించుటయు సంస్కరణమే.

ఇంకొక మాట. ఈ అజ్ఞానము నడుమ బ్రతుకుచున్నవారు కొందఱు కలరు. అర్జీ వ్రాసి పెట్టెదము, బకాయి వచ్చినచో మూడవవంతు మాది యని వత్తురు. మా హవల్దారునొద్దకును అట్టివాడొకడు వచ్చి, మోకాలు ఇంకను చెడినట్లు, నిద్ర పట్టనట్లు చెప్పుమని బోధించెను. హవల్దారు వానిని గుమ్మము దిగనంపి, "నా మోకాలెంతదో నాకు తెలుసు. దానికి ఒక్క పాలు ఎక్కువొద్దు, ఒక్క పాలు తక్కువొద్దు" అని చెప్పెనట. నేనెఱిగిన న్యాయశాస్త్రములలో ఇంతకంటె సంగ్రహమైనది లేదు. ఉన్నదానిని దాచుటయు, లేనిదానిని చెప్పుటయు రెండును ఒకే రోగమునకు రెండు ముఖములు. మొదటిది సిగ్గువలన పుట్టును, రెండవది ఆశవలన పుట్టును. రెండింటికిని మందు కాగితమును సరిగా చదువుటయే.

కావున సైనికకుటుంబములవారికి నా విన్నపములు కొన్ని. విడుదలకు ముందు జరుగు పరీక్షలో ఉన్నదంతయు చెప్పుడు, చెప్పినదంతయు వ్రాసిరో లేదో చూచుకొనుడు. ప్రతి వైకల్యమునకు ఎదుట ఎంత సంఖ్య వేసిరో, సమష్టిసంఖ్య ఎంతయో, తగ్గించినచో కారణము వ్రాసిరో లేదో పరిశీలింపుడు. సంఖ్య 19వద్దగాని 49వద్దగాని నిలిచినచో రెండుసారులు చదువుడు. కాగితపు నకలును భార్య చేతికిండు. సందేహమున్నచో జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమునకు పొండు. వ్యాజ్యము వేయవలసివచ్చినచో ఆడువారికిని వికలాంగులకును ఖర్చులేకుండ న్యాయసహాయము చేయుటకు జిల్లా న్యాయసేవాధికారసంస్థ కలదు. మధ్యవర్తికి బకాయిలో పాలు పంచనక్కఱలేదు. ఇది భిక్ష కాదు. ప్రభుత్వము ఒకని దేహమును కొలువునకు తీసికొని, తిరిగి ఇచ్చునప్పుడు తగ్గినదానికి చెల్లించు ఋణము. ఋణమును అడుగుటకు సిగ్గేల?

ఉపాధ్యాయులకును ఒక మాట చెప్పి విరమించెదను. ఆఱవతరగతిలో భిన్నములును, ఏడవతరగతిలో శాతములును మనము నేర్పుచున్నాము. పండ్లబుట్టలు, నీటితొట్లు, వడ్డీలెక్కలు చెప్పి విడిచిపెట్టుచున్నాము. ఆ తరగతులలో కూర్చున్న ఆడుపిల్లలలో పలువురు రేపు సిపాయిల భార్యలగుదురు, కొందఱు తామే సిపాయిలగుదురు. ఈ యేడు నా తరగతిలో శేషజాతి లెక్క చెప్పునప్పుడు యాత్రికుని కథతోపాటు 30, 20 లెక్కను కూడ నల్లబల్లపై వ్రాసి, మూడు విధముల చేయించితిని. ఒక బాలిక లేచి, ఏ విధమున చేయవలెనో ఎవరు నిర్ణయింతురని యడిగెను. కాగితములో వ్రాసియుండును, చదివి తెలిసికొనవలెనని చెప్పితిని. వ్రాసియుండనిచో? అని ఆమె మరల నడిగెను. వ్రాయుమని అడుగవలెనని చెప్పితిని.